పళ్లెంలో పట్టిన ఎండ

సూది కొండల మీద తెల్లవారింది. తూర్పు శిఖరాలు ముందు పసుపు పూసుకున్నాయి, తర్వాత కుంకుమ దిద్దుకున్నాయి, ఆ పైన ఒక్కసారిగా వెండి జలతారు కప్పుకుని ధగధగలాడాయి. కింద లోయలో ఉన్న చలివాడ ఊరికి మాత్రం ఆ వైభోగం ఏమీ పట్టలేదు. ఏ ఇంటి కప్పు మీదా పొగ లేదు, ఏ పొయ్యి మీదా ఎసరు లేదు. ఏళ్ల తరబడి ఆ ఊళ్లో నిప్పు అన్నది లేదు. ఎవరు చెకుముకి రాయి కొట్టినా, పుట్టిన రవ్వ పుట్టినట్టే ఎర్రదారంలా సాగి, కొండ దాటి వెళ్లి, మాంత్రికుడు ధూమకంఠుడి గొంతులో పడేది. వాడు నిప్పు తిని బతికేవాడు. ఊరు నానబెట్టిన అటుకులు తిని బతికేది.

ఆ ఊరి చావడి అరుగు మీద శ్వేతగిరి యువరాజు మణికేతుడు తల దించుకుని కూర్చున్నాడు.

తల దించుకోక ఏం చేస్తాడు? ముందురోజు మిట్టమధ్యాహ్నం గాజులమ్మేవాడి వేషంలో ఊళ్లో అడుగు పెట్టాడు. భుజాన గాజుల మలారం, నడుముకు చిరుగుల పంచె, నెత్తిన మురికి పాగా, అన్నీ బ్రహ్మాండంగా అమరాయి. ఒక్కటే చిన్న లోపం. ఆ గాజులవాడి వెనకాల వెండి కర్ర ఉన్న తెల్ల పట్టుగొడుగు ఎత్తి పట్టుకుని ఛత్రధారి కోనప్ప నడుస్తున్నాడు.

"గాజులబ్బీ, నీ గాజులు బాగున్నాయి గానీ, ఎనకాల ఆ గొడుగేటి నాయినా?" అని ఊరి పెద్ద పైడక్క అడిగేసరికి ఊరు ఊరంతా గొల్లుమంది. మణికేతుడికి తల కొట్టేసినట్టయింది.

కోనప్పను అనడానికి లేదు. శ్వేతగిరి వంశంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం అయ్యేదాకా యువరాజు నెత్తిన ఎండ పడకూడదు. పడిందా, సింహాసనం పినతండ్రి కొడుక్కి పోతుంది. అందుకని పురిటి స్నానం నాటి నుంచి పగలల్లా మణికేతుడి మీద ఆ గొడుగు ఉంది. మొదట కోనప్ప తండ్రి పట్టాడు, ఆయన పోయాక కోనప్ప పడుతున్నాడు. యువరాజు ఏ వేషం వేసినా గొడుగు మాత్రం వేషం మార్చలేదు.

తెల్లారేసరికి పైడక్క చావడికి వచ్చింది. ఆమె వెనక ఊరివాళ్లు నలుగురూ చేరారు.

"అమ్మా, నేను గాజులవాణ్ణి కాను," అన్నాడు మణికేతుడు నేల చూపులు చూస్తూ.

"ఆ ముక్క నిన్ననే గొడుగు సెప్పేసింది కదా బాబూ. ఇంకేటైనా ఉంటే సెప్పు."

చెప్పక తప్పలేదు. ధూమకంఠుడు తన అక్క వైజయంతిని ఎత్తుకొచ్చి పైనున్న లక్కకోన గుహలో పెట్టాడు. గొలుసులు వేయలేదు, కాపలా భటుల్ని పెట్టలేదు. నిలువునా లక్క పోసి బిగించేశాడు. ఊపిరికి ముక్కు పుటాలు మాత్రం వదిలాడు. ఆ లక్క కత్తికి తెగదు, గొడ్డలికి పగలదు. వేడికి ఒక్కదానికే లొంగుతుంది. నిప్పు ముట్టిద్దామంటే అది పోయి వాడి నోట్లోనే పడుతుంది, వాడికి బలం ఇస్తుంది, ఎవరో వచ్చారని కబురూ చెబుతుంది.

"కానీ ఎండను వాడు మింగలేడు," అన్నాడు మణికేతుడు. "ఎండను పట్టి గుహలోకి తోస్తాను."

"పట్టడానికి అదేటి పిట్టా?" అన్నాడు వెనక నుంచి ఎవడో. మళ్లీ నవ్వులు.

సిగ్గుపడ్డవాడు ఊరుకోడు, గొప్పలకు దిగుతాడు. మణికేతుడు అరుగు మీద లేచి నిలబడ్డాడు. ఒంటికాలి మీద నిలిచి ఎండ తాగి బతికే ఆతపముని దగ్గర ఈ విద్య తాను నేర్చుకున్నానన్నాడు. వెదురుతో తిరగేసిన గొడుగులాంటి చట్రం అల్లాలి. అందులో అద్దాల్లా తోమిన కంచు పళ్లేలు వరసలుగా కట్టాలి. ఒక్కో పళ్లెం ఒక్కో ఎండ ముక్కను విసురుతుంది, అవన్నీ ఒకే చోట పడతాయి. ఎండ చాలకపోతే లక్క కదలదు. ఎక్కువైతే మరుగుతుంది, లోపల మనిషి ఉంది.

"అందుకే పట్టే ముందు ఎండను కొలవాలి. మూడు లోకాల్లో ఎండను కొలవడం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు మా గురువు, రెండోవాణ్ణి నేను," అన్నాడు. గురువు అడవిలో ఉన్నాడు గనక కాదనేవాళ్లు లేరు.

కొలత ఇదీ. నల్లరాతి పలక మీద శనగగింజంత మైనపు పూస పెట్టాలి. పెట్టీ పెట్టగానే తాంబూలం నోట్లో వేసుకుని తాపీగా నమలాలి. ఆ తాంబూలం పండి ఉమ్మేలోగా పూస కరిగితే ఎండ గట్టిదన్న మాట, చట్రానికి ఒక్క వరస పళ్లేలు చాలు. రెండో తాంబూలం దాకా పడితే రెండు వరసలు. మూడోది కూడా నమలాల్సి వస్తే మూడు.

సూర్యుడు కొండ దాటి నడినెత్తికి వచ్చేదాకా ఆగి, మణికేతుడు కళ్లం మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పలక ముందు పెట్టుకున్నాడు, పూస పెట్టాడు, ఆకులో సున్నం రాసి వక్క చుట్టి దవడన వేసుకున్నాడు. కోనప్ప భక్తిగా గొడుగు పట్టి నిలబడ్డాడు. ఆ గొడుగు చిన్నది కాదు. రాజుతో పాటు రాజు గద్దెను, పాదపీఠాన్ని కూడా కప్పేంత గొడుగు. మన కళ్లకు మన ముక్కు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది గానీ ఎవరు చూస్తారు? మణికేతుడికీ గొడుగు అలాంటిదే. అది ఉందన్న ఊహే అతనికి రాలేదు. ఆ పట్టులోంచి పాలలా దిగే వెలుగునే అంతఃపురంలో అందరూ ఎండ అనేవారు.

మొదటి తాంబూలం పండింది. పూస అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా కదల్లేదు, మెదల్లేదు. రెండో తాంబూలం అయింది. మూడోది సగంలో ఉండగా ఎట్టకేలకు కరిగింది. చుట్టూ నిలబడ్డ జనం చెమటలు కక్కుతూ, కాళ్లు కాలి ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి మారుతున్నారు.

"మీ ఊరి ఎండ బొత్తిగా మెత్తనిది," అని తేల్చాడు మణికేతుడు. "మూడు వరసలు కావాలి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైడక్క నోరు తెరిచింది, గొడుగు వంక చూసింది, నోరు మూసుకుంది. ఇళ్లలోకి వెళ్లి పళ్లేలు తెచ్చారు. ప్రతి పళ్లెం అంచు మీదా చుక్కలు గుచ్చి పేరు చెక్కి ఉంది. కూతురి సీమంతానికి పెట్టింది ఒకటి, పోయిన మొగుడు తిన్నది ఒకటి. వేడి కూడు ఎరగని పళ్లేలు ఏళ్లుగా ఉట్టి మీద బోర్లించి ఉన్నాయి. చింతపండు పెట్టి, ఇసకేసి రుద్ది, మొహం కనపడేలా తోమి ఇచ్చారు. సాయంత్రానికి చట్రం సిద్ధమైంది. బండి చక్రం దాని ముందు పిల్లకాయ.

మర్నాడు చట్రం మీద దుప్పట్లు కప్పి, పదిమంది మోస్తూ, పైడక్కా ఊరివాళ్లూ వెంట నడుస్తూ లక్కకోన ఎక్కారు. దారి ఇరుకు, ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క అగాధం. మలుపు తిరిగారో లేదో ఆకాశం కీచుమంది. ధూమకంఠుడు పెంచే ఇనుప ముక్కుల రాబందులు గుంపుగా పైనుంచి దూకాయి. ఒకటి కోనప్ప పాగా తన్నుకుపోయింది. ఇంకొకటి చట్రం మోసేవాడి భుజం గీరింది. "దుప్పట్లు లాగండి! ఎత్తండి!" అని మణికేతుడు అరిచాడు. దుప్పట్లు జారాయి. చట్రం పైకి లేచింది. పళ్లేలన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి. తెల్లటి వెలుగు ఈటెలా లేచి మొదటి రాబందు కళ్లలో గుచ్చుకుంది. అది గోడకు కొట్టుకుని అగాధంలోకి దొర్లింది. దాని వెనకది, ఆ వెనకదీ అదే దారి పట్టాయి. మిగిలినవి కీచుకీచుమంటూ కొండ అవతలికి ఎగిరిపోయాయి.

"శభాష్ రాజుబాబూ!" అని జనం కేకలు వేశారు. నిన్న నవ్విన నోళ్లే అవి. మణికేతుడి ఛాతీ ఉబ్బింది. ఇల్లలకగానే పండగ కాదని అతనికి చెప్పేవాళ్లు అక్కడ లేరు.

గుహ లోపల వైజయంతి నిలబడి ఉంది. తలనుంచి పాదాల దాకా ఎర్రటి లక్క, ఎవరో శిల్పి దానిమ్మ గింజలు కరిగించి పోత పోసిన బొమ్మలా. లక్క కింద మూసిన కనురెప్పలు, చెదిరిన ముంగురులు మసకగా కనపడుతున్నాయి. ముక్కు పుటాల దగ్గర మాత్రం సన్నగా గాలి ఆడుతోంది. ఆ గాలి చూసి మణికేతుడు చేతులెత్తి మొక్కాడు.

చట్రాన్ని గుహ ముందు నిలబెట్టి తాళ్లతో లాగి తిప్పారు. మణికేతుడు వెనక గొడుగు కింద నిలబడి చేత్తో సైగలు చేశాడు. వెలుగు నేల మీద పాకింది, గుహలోకి దూరింది, వైజయంతి నుదుటిని తాకింది. లక్క లోపలి నుంచి మాణిక్యంలా వెలిగింది. నుదుటి మీద లక్క మెత్తబడి జారింది.

"ఇంకా, ఇంకా!" అన్నాడు మణికేతుడు ఉత్సాహం పట్టలేక. "భుజం మీదికి తిప్పండి!"

తిప్పారు. ఎడమ భుజం మీద లక్క జారలేదు, ఉడికింది. బుడగలు లేచాయి. కాగిన లక్క చేతి పొడవునా ధారలు కట్టింది. నల్లటి పొగ లేచింది. మూసిన కుండలోంచి వచ్చినట్టు లోపలి నుంచి ఒక మూలుగు వినపడింది.

"తిప్పెయ్యండి! పక్కకి తిప్పెయ్యండి!"

తిప్పబోతే తాడు తెగింది. లక్క భగ్గున అంటుకుంది. పుట్టిన మంట పుట్టినట్టే ఎర్రదారమై సాగి, గుహ బయటికి వచ్చి, కొండ మీదుగా అవతలికి పరుగెత్తింది. అందరికీ తెలుసు అది ఎవరి గొంతులోకి పోతోందో.

మణికేతుడు పరుగెత్తాడు. కోనప్ప గొడుగు కోనప్ప దగ్గరే ఉండిపోయింది. వెలుగుకు అడ్డంగా దూకి, అక్కను కౌగిలించుకుని వీపు ఒడ్డాడు. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో వీపు మీద ఉత్తరీయం మాడి, చర్మం కమిలి, ప్రాణం కళ్లలోకి వచ్చింది. ఈలోగా పైడక్క చట్రం కాలికి అడ్డుకర్ర వేసి తన్ని పక్కకు కూలదోసింది. వెలుగు ఆకాశంలోకి తిరిగిపోయింది.

మణికేతుడు తూలుకుంటూ గుహ బయటికి వచ్చాడు. తల మీద ఎవరో పెనం బోర్లించినట్టయింది. కాళ్ల దగ్గర నల్లటి ఆకారం ఒకటి తన పాదాలు పట్టుకుని నేల మీద పడి ఉంది. మాంత్రికుడి భూతమే అనుకుని చర్రున కత్తి దూశాడు. అదీ కత్తి దూసింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"అది నీ నీడ బాబూ," అంది పైడక్క మెల్లగా.

మణికేతుడు కత్తి దించాడు. వంగి నేల మీద అరచెయ్యి పెట్టి చురుక్కుమని తీసేశాడు. "ఇదా ఎండ?"

"ఎండే. మరేటనుకున్నావు?"

"మరి నిన్న నేను కొలిచిందేమిటి?"

అందరి కళ్లూ గొడుగు మీదికి పోయాయి. కోనప్ప వెండి కర్రను గుండెలకు హత్తుకున్నాడు. "ప్రభూ, తీయమని సెలవు కాలేదు," అన్నాడు ఏడుపు గొంతుతో.

"మేవూ సూసినాం బాబూ," అంది పైడక్క. "నీడలో కూకుని ఎండ కొలత్తన్నాడేటి అనుకున్నాం. రాజులు కదా, రాజుల కొలత అలాగే ఉంటాదేమో, మనకెందుకులే అని నోరు మూసుకున్నాం. తప్పు మాదీ ఉంది."

ఆమె తిట్టి ఉంటే, చెంప ఛెళ్లుమనిపించి ఉంటే, మణికేతుడు భరించేవాడు. తప్పులో వాటా పుచ్చుకునేసరికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడ వెల్లకిలా పడ్డ చట్రంలో సగం పళ్లేలు సొట్టలు పోయి ఉన్నాయి. గుహలో అక్క చెయ్యి కాలి ఉంది. ఎండను కొలవడం తెలిసిన రెండోవాడు ఇంత ఘనకార్యం చేశాడు. సిగ్గుతో అతని చెవులు ఎండ కన్నా ఎక్కువ మండాయి.

కొండ అవతల నుంచి ఉరుములాంటి త్రేన్పు వినిపించింది. ధూమకంఠుడు ఫలహారం ముగించి లేచాడు.

కోనప్ప ఉలిక్కిపడి పరుగున వచ్చి గొడుగు ఎత్తాడు. "ప్రభూ, నెత్తిన ఎండ! సింహాసనం..."

"అది ఇందాకే పోయింది కోనప్పా. గొడుగు మడిచి ఆ చట్రం పట్టు."

"సగం పల్లేలు పీకేద్దామా బాబూ?" అంది పైడక్క. "వాడొచ్చేత్తన్నాడు."

"ఊహించి కట్టొద్దు. కొలుద్దాం."

"చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటావేటి? తీరికెక్కడుంది?" అని పైడక్క గదమాయించి, అతని మొహం చూసి ఆగిపోయింది. "కొలువు, కొలువు. బేగి కొలువు."

బట్టతలలా మెరిసే బండ మీద, నెత్తిన ఏమీ లేకుండా, ఊరందరి ముందూ మణికేతుడు మళ్లీ చతికిలబడ్డాడు. పలక పెట్టాడు. పూస పెట్టాడు. ఆకు దవడన వేసుకున్నాడు. కొండ అవతల రెండో త్రేన్పు, ఈసారి దగ్గరగా. వక్క ఇంకా చిట్లలేదు. సున్నం నాలుకకు తగిలిందో లేదో, పూస కరిగి పలక మీద నూనె చుక్కలా పాకింది. నిన్న మూడు తాంబూలాలు నమిలిన పెద్దమనిషి నోట్లో ఇవాళ పచ్చి ఆకు అలాగే ఉంది. దాన్ని ఉమ్మేసి లేచాడు.

"ఒక్క వరస. అందులోనూ సగం చాలు," అన్నాడు.

పదిమంది చేతులు పళ్లేలు పీకాయి. ముళ్లు విప్పే తీరిక లేక పైడక్క పళ్లతో కొరికింది. చట్రం మళ్లీ లేచింది. ఈసారి వెలుగు ఈటెలా కాకుండా గోరువెచ్చటి నీళ్లలా గుహలోకి వెళ్లింది. మణికేతుడు చట్రం వెనక నిలబడలేదు. లోపలికి వెళ్లి, అక్క పక్కన నిలబడి, తన చెయ్యి ముందు ఆ వెలుగులో పెట్టి చూసి, ఓర్చుకోగలిగాకనే ఆమె మీద పడనిచ్చాడు. లక్క ఉడికిన చిలగడదుంప తొక్కలా ఊడి వచ్చింది. బుగ్గలు బయటపడ్డాయి, పెదవులు బయటపడ్డాయి, కుడి చెయ్యి విడిపడింది. ఎడమ చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా బొబ్బలెక్కి ఎర్రగా ఉంది. ఆ చేతి మీది లక్క అతను ఊదుకుంటూ, ఊదుకుంటూ తీశాడు.

వైజయంతి కళ్లు తెరిచింది. మొట్టమొదట చూసింది తన చేతినే.

"ఎవడు?" అంది. ఇన్నాళ్లు మూసుకున్న గొంతు గరగరమంది. "నన్ను కాల్చింది ఎవడు? ఆ మాంత్రికుడేనా? వాడి పీక నేనే కోస్తాను."

పైడక్క మొహం పక్కకు తిప్పుకుంది. కోనప్ప రెండడుగులు ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "అవునమ్మా, వాడే, ఆ నీచుడే," అన్నాడు గబగబా. ఊరంతా అవునని తలూపింది. మణికేతుడు ఊరుకుంటే చాలు, ఆ మాట అలాగే నిలిచిపోయేది.

"కాదక్కా," అన్నాడతను. "నేను. గొడుగు నీడలో కూర్చుని ఎండ కొలిచాను. అందుకని కాలింది." ఆగితే మిగతాది చెప్పలేనని తెలిసి ఆగలేదు. "ఇంకోటి కూడా ఉంది. వాడు నిన్ను తోటలోంచి ఎత్తుకుపోతుంటే కత్తి దూసి వచ్చాను. గడప దాటలేదు. కోనప్ప చెప్పులు వెతుక్కుంటున్నాడు, గొడుగు కోసం ఆగాను. పరుగెత్తితే అందేదానివి."

"తెలుసు," అంది వైజయంతి. "పైనుంచి నాకంతా కనపడింది. నువ్వు గడపలో నిలబడి వెనక్కి చూస్తున్నావు."

మణికేతుడు కూలబడ్డాడు. ఆమెకు తెలుసు. ఈ లక్కలో నిలబడ్డన్నాళ్లూ ఆమె కళ్లలో ఉన్నది ఆ బొమ్మే. అతను ఆమె కాళ్ల మీద తల పెట్టాడు. కాళ్లకు ఇంకా లక్కే ఉంది.

"లే. ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని," అంది అక్క. "మోకాళ్ల కింద వదల్లేదు. కానీ, తొందరగా."

అతను లేచి కళ్లు తుడుచుకుని చట్రం వైపు చెయ్యి ఊపాడు. వెలుగు రాలేదు. మళ్లీ ఊపాడు. బయట పళ్లేలు వట్టి కంచు పళ్లేల్లా మసకబారి ఉన్నాయి. కొండ శిఖరం మీదుగా నల్లటి పొగ పొంగి వచ్చి సూర్యుణ్ణి ముంచేసింది. ఆ పొగలో నోరొకటి తెరుచుకుంటోంది, గుహంత నోరు, దాని లోపల ఇందాకటి ఎర్ర మంట నాలుకలా ఆడుతోంది.

"పరిగెట్టండి!" అని పైడక్క కేక వేసింది. పళ్లేలు వదిలేసి జనం ఇరుకు దారిలోకి దూకారు. కోనప్ప ఒక్కడు మడిచిన గొడుగు ఈటెలా పట్టుకుని, వణుకుతూ, అక్కడే నిలబడ్డాడు.

మణికేతుడు అక్క ముందు వెన్ను చూపించి వంగాడు. ఆమె కుడి చేత్తో అతని మెడ పట్టుకుంది. లక్క కాళ్ల బరువుకు కమిలిన వీపు పగిలినట్టయింది. పళ్లు బిగించి లేచాడు.

"ఈసారి ఆగకు," అంది వైజయంతి అతని చెవిలో.

పొగ గుహ ముందు నేలకు దిగుతోంది. కిందికి పోయే ఇరుకు దారి దాని అవతలే ఉంది. మణికేతుడు దాన్లోకే పరుగెత్తాడు.